బండరాళ్లు ఎక్కే రిమోట్ కారు: మూడు కిలోల బండి రెండున్నర కిలోల లోపుకు దిగితే ఏం మారుతుంది?

బండరాయి మీద రెండు చిన్న గుర్తులు పెట్టి ఉంటాయి. వాటి మధ్య కారు వెడల్పు కన్నా కాస్త ఎక్కువ జాగా మాత్రమే ఉంటుంది. ముందు చక్రం రాతి అంచును పట్టుకుంది, వెనక చక్రం పగులులో దిగబడింది. ఇంకో వేలెడు ముందుకు వెళితే గేటు దాటినట్టే. సరిగ్గా అప్పుడే ముందు చక్రాలు మెల్లగా గాలిలోకి లేస్తాయి. క్షణంలో కారు వెల్లకిలా పడుతుంది.

రేడియో కంట్రోల్ రాక్ క్రాలింగ్ పోటీల్లో ఎక్కువ మంది ఓడిపోయేది ఇలాగే. ఇది వేగానికి సంబంధించిన ఆట కాదు. కారు నడక వేగం కన్నా మెల్లగా కదులుతుంది. నడిపే మనిషి చేతిలో ట్రాన్స్‌మిటర్ పట్టుకుని పక్కనే నడుస్తాడు. అయినా గెలుపోటములు చాలావరకు రాయి దగ్గర తేలవు. వారాల ముందే, పని బల్ల మీద, తూకం ముందు తేలిపోతాయి.

చూడటానికి ఆటబొమ్మలా ఉండే ఈ బండిని పోటీకి తయారు చేయడం అసలు సిసలు ఇంజనీరింగ్ లెక్క. ఆ లెక్క ఎలా ఉంటుంది? బరువు తగ్గిస్తే కారు బాగా ఎక్కుతుందనే మాటలో నిజమెంత? భారత్‌లో ఇలాంటి బండి కట్టుకోవాలనుకునే వారికి ఎదురయ్యే ఇబ్బందులేంటి?

ఆట ఎక్కడ పుట్టింది?

అమెరికాలో యూటాలోని మోయాబ్, కాలిఫోర్నియాలోని రూబికాన్ ట్రెయిల్ లాంటి చోట్ల అసలు జీపులతో రాళ్లు ఎక్కడం పాత సరదా. దాన్ని పదో వంతు సైజుకు కుదించినదే ఈ ఆట. తొలి రోజుల్లో దీనికోసం ప్రత్యేకంగా తయారైన కార్లు లేవు. జపాన్ కంపెనీ టమియా 1987లో తెచ్చిన క్లాడ్ బస్టర్ మాన్‌స్టర్ ట్రక్కు ఇరుసులు ఊడదీసి, సొంతంగా చాసిస్ కోసుకుని, జనం తమ బండ్లు తామే కట్టుకునేవారు. 2000 దశకం రెండో సగంలో యాక్సియల్ ఏఎక్స్10 స్కార్పియన్ లాంటి కిట్లు వచ్చాక ఆట విస్తరించింది. ఆ తర్వాత అసలు జీపును పోలిన స్కేల్ మోడళ్లు వచ్చాయి. ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4 అలాంటిదే.

స్కోరు పద్ధతి గోల్ఫ్‌ను గుర్తుకు తెస్తుంది. తక్కువ పాయింట్లు వచ్చినవారే గెలుస్తారు. రివర్స్ వేస్తే చిన్న పెనాల్టీ పడుతుంది. గేటు గుర్తును తాకితే పెద్ద పెనాల్టీ. బోల్తాపడిన కారును చేత్తో ఎత్తి నిలబెట్టినా అంతే. అంకెలు నిబంధనల పుస్తకాన్ని బట్టి మారినా సూత్రం మాత్రం ఒకటే. పోటీలో కారు దొర్లకూడదు, జారకూడదు, మధ్యలో ఆగిపోకూడదు. బండి కట్టే పనంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

తేలికైతే పట్టు తగ్గదా?

స్కూల్లో ఘర్షణ పాఠం చదివిన ఎవరికైనా వచ్చే అనుమానమిది. బరువు ఎక్కువైతే నేలకు ఒత్తిడి పెరుగుతుంది, ఘర్షణ పెరుగుతుంది. అలాంటప్పుడు బరువైన కారే బాగా ఎక్కాలి కదా?

పాఠ్యపుస్తకం సూత్రం ప్రకారం చూసినా అలా జరగదు. వాలు మీద బరువు పెరిగితే పట్టు ఎంత పెరుగుతుందో, కిందికి లాగే బలమూ అంతే పెరుగుతుంది. రెండూ కొట్టుకుపోతాయి. టైరు ఎంత వాలు దగ్గర జారుతుందనేది ఘర్షణ గుణకం మీదే ఆధారపడుతుంది. ఆ గుణకం 1 అయితే 45 డిగ్రీల వాలు దాకా టైరు జారదు, బండి మూడు కిలోలున్నా రెండు కిలోలున్నా సరే.

అయితే రబ్బరు ఆ సూత్రాన్ని పూర్తిగా పాటించదు. మెత్తటి రబ్బరు రాతి గరుకులోకి దూరి పట్టుకుంటుంది. భారం పెరిగే కొద్దీ పట్టు పెరుగుతుంది గానీ, అదే నిష్పత్తిలో పెరగదు. కిలోకు వచ్చే పట్టు తగ్గుతుంది. అందుకే ఒకే టైర్లతో తేలికైన కారు కాస్త ఎక్కువ వాలును పట్టుకోగలదు. మోటారు, గేర్లు, స్టీరింగ్ సర్వో మీద భారం తగ్గడం దీనికి అదనపు లాభం.

ఇంతా చేసి ఇది చిన్న లాభమే. పెద్ద లాభం మరోచోట ఉంది. బరువు ఎంత తగ్గిందన్న దానికన్నా ఏ ఎత్తు నుంచి తగ్గిందన్నది ముఖ్యం.

గరిమనాభి లెక్క

కారు మొత్తం బరువు ఒకే బిందువు దగ్గర ఉందనుకుంటే ఆ బిందువే గరిమనాభి. ఎదురు వాలు ఎక్కుతున్నప్పుడు ఈ బిందువు నుంచి నిట్టనిలువుగా కిందికి గీసిన గీత వెనక చక్రాలు నేలను తాకే చోటు దాటి వెనక్కి పోతే కారు వెల్లకిలా పడుతుంది. లెక్కకు రెండే అంకెలు కావాలి. వెనక ఇరుసు నుంచి గరిమనాభి ఎంత ముందుందన్నది ఒకటి, నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నది రెండోది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే బోల్తా కోణం టాంజెంట్ విలువ వస్తుంది.

ఈ తరగతి కార్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య 313 మిల్లీమీటర్ల దూరం మామూలే. బరువు రెండు ఇరుసుల మీదా సమానంగా ఉండి, గరిమనాభి 90 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 156.5ని 90తో భాగిస్తే 1.74 వస్తుంది. అంటే దాదాపు 60 డిగ్రీలు. అదే గరిమనాభిని 71 మిల్లీమీటర్లకు దించితే బోల్తా కోణం దాదాపు 66 డిగ్రీలకు చేరుతుంది. దాంతోపాటు 60 శాతం బరువును ముందు ఇరుసు మీదికి తెస్తే 69 డిగ్రీలు దాటుతుంది.

పక్క వాలు మీద తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కుడి, ఎడమ చక్రాల మధ్య దూరం 200 మిల్లీమీటర్లు అయితే, 90 మిల్లీమీటర్ల గరిమనాభి ఉన్న కారు 48 డిగ్రీల దగ్గర పక్కకు దొర్లుతుంది. 71 మిల్లీమీటర్లున్నది 54 డిగ్రీలు దాటేదాకా నిలబడుతుంది.

ఇవి కారు కదలకుండా ఉన్నప్పటి అంకెలు. నునుపైన వాలు మీద ఇంత కోణం రాకముందే టైర్లు జారిపోతాయి. కానీ మెట్టులాంటి రాతి అంచు దగ్గర టైరు గుబ్బలు అంచుకు కొక్కెంలా తగులుకుంటాయి. అక్కడ కారు జారదు, దొర్లుతుంది. పోటీ గేట్లను ఎక్కువగా అలాంటి చోట్లే పెడతారు.

గ్రాములు ఎక్కడ తీయాలి, ఎక్కడ కలపాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. కారు బరువు 3,000 గ్రాములు, గరిమనాభి ఎత్తు 90 మిల్లీమీటర్లు. నాలుగు మార్పులు చేస్తే ఏమవుతుందో చూడండి.

మొదటిది బాడీ. లోపలి సీట్లు, స్టీరింగుతో సహా 500 గ్రాములుండే గట్టి ప్లాస్టిక్ బాడీ తీసేసి, 150 గ్రాముల పలుచటి పాలికార్బొనేట్ బాడీ వేశారనుకుందాం. పోయిన 350 గ్రాములు నేల నుంచి సుమారు 170 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నవి. ఈ ఒక్క మార్పుతోనే గరిమనాభి 79 మిల్లీమీటర్లకు దిగుతుంది. మిగతా మూడు మార్పులు కలిపి కూడా దించేది ఇంతకన్నా తక్కువే.

రెండోది బ్యాటరీ. 110 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్న 350 గ్రాముల పెద్ద బ్యాటరీ బదులు 120 గ్రాముల చిన్నది తెచ్చి, ముందు ఇరుసు దగ్గర 80 మిల్లీమీటర్ల ఎత్తులో అమర్చితే గరిమనాభి 75కు వస్తుంది. పోటీలో ఒక్కో కోర్సు కొన్ని నిమిషాలే ఉంటుంది. గంటల తరబడి నడిచే బ్యాటరీని రాళ్ల మీద మోయడం దండగ.

మూడోది వింతగా అనిపిస్తుంది. ఇక్కడ బరువు కలుపుతారు. ముందు చక్రాల దగ్గరుండే స్టీరింగ్ నకిల్స్, ఇరుసు కవర్ల స్థానంలో ఇత్తడివి వేస్తారు. 55 మిల్లీమీటర్ల ఎత్తులో 160 గ్రాములు పెరిగినా గరిమనాభి 74కు తగ్గుతుంది. పైగా ఆ బరువంతా ముందు వైపు చేరుతుంది. నాలుగోది చాసిస్. పొడవాటి ఉక్కు పట్టీల బదులు కార్బన్ ఫైబర్ పలకలు వాడి, 100 మిల్లీమీటర్ల ఎత్తులో 250 గ్రాములు తగ్గిస్తే చివరికి తేలేది 2,330 గ్రాముల బండి, 71 మిల్లీమీటర్ల గరిమనాభి.

తేలికైన బండి కట్టడమంటే అన్నిచోట్లా బరువు తీసేయడం కాదని ఈ లెక్క చెబుతుంది. పైన తీయాలి, కింద, ముఖ్యంగా ముందు, అవసరమైనంత ఉంచాలి. ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 8.5 గ్రాములు, అల్యూమినియంది 2.7, కార్బన్ ఫైబర్ పలకది 1.6 చుట్టుపక్కల. ఎక్కడ ఏ లోహం వేయాలో ఈ మూడు అంకెలే చెబుతాయి.

ఇత్తడి వేయడానికీ హద్దు ఉంది. చక్రాల్లో మరీ ఎక్కువ బరువు పెడితే స్టీరింగ్ సర్వో తిప్పలేక మూలుగుతుంది, ఇరుసు షాఫ్టులు విరుగుతాయి. మరోవైపు, బండి మొత్తం మరీ తేలికైతే రాతి అంచు మీద నిలకడగా ఉండక గంతులు వేస్తుంది.

కార్బన్ పలక కోసేటప్పుడు

పోటీ బండ్లకు ఎల్‌సీజీ చాసిస్ అనే మాట తరచూ వినిపిస్తుంది. గరిమనాభి తక్కువ ఎత్తులో ఉండేలా కట్టిన చాసిస్ అని అర్థం. రెండు పక్క పలకలు, వాటిని కలిపే అడ్డ కడ్డీలు, నడుమ గేర్‌బాక్స్ కూర్చునే పళ్లెం. ఇంతే దాని నిర్మాణం. గీసిన నమూనాను సీఎన్‌సీ యంత్రం మీద కోయించుకోవచ్చు. చిన్న చిన్న బ్రాకెట్లకు త్రీడీ ప్రింటర్ సరిపోతుంది.

కార్బన్ ఫైబర్‌తో మూడు జాగ్రత్తలు తప్పనిసరి. కోసేటప్పుడు వచ్చే సన్నటి పొడి ఊపిరితిత్తులకు, చర్మానికి మంచిది కాదు. మాస్కు వేసుకుని, అంచులను తడిపి సాన పట్టాలి. తర్వాత అంచులకు సూపర్ గ్లూ పూస్తే పొరలు విడిపోవు. రెండోది, కార్బన్ కరెంటును ప్రవహింపజేస్తుంది. తొడుగు ఊడిన వైరు పలకకు తగిలితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మూడోది, అది రేడియో తరంగాలను అడ్డుకుంటుంది కాబట్టి రిసీవర్ యాంటెన్నా పలకల మధ్య నుంచి బయటికి రావాలి.

బరువు తగ్గించకూడని చోట్లు కూడా ఉన్నాయి. డ్రైవ్ షాఫ్టులు, ఇరుసు గేర్లు, చాసిస్‌ను ఇరుసుకు కలిపే లింకు కడ్డీలు రాతి దెబ్బలు తినే భాగాలు. ఇక్కడ పది గ్రాములు మిగుల్చుకుని మూడో గేటు దగ్గర షాఫ్టు విరిగితే ఆ రోజుకు పోటీ ముగిసినట్టే. లింకులకు టైటానియం వాడేది అందుకే. సాంద్రత 4.5. ఉక్కు కన్నా బాగా తేలిక, సాధారణ అల్యూమినియం కన్నా గట్టి.

టైర్లు, గేర్లు, ఒక పక్కకు లేచే చాసిస్

ఖర్చు పెట్టడానికి ఒకే చోటు ఎంచుకోవాలంటే అది టైర్లే. మెత్తటి రబ్బరు టైరు లోపల గాలి ఉండదు, ఫోమ్ ఉంటుంది. లోపలి పొర గట్టిగా, బయటి పొర మెత్తగా ఉండే రెండంచెల ఫోమ్ పోటీల్లో ఎక్కువగా వాడతారు. బయటి పొర రాతి ఆకారానికి ఒదిగిపోతుంది, లోపలి పొర పక్క వాలు మీద టైరు మడతపడకుండా ఆపుతుంది. మూడు కిలోల కారుకు సరిపోయిన ఫోమ్ రెండుంబావు కిలోల కారుకు గట్టిగా అనిపిస్తుంది. బరువు తగ్గించిన ప్రతిసారీ ఫోమ్ కూడా చూసుకోవాలి.

ముందు చక్రాలను వెనక వాటికన్నా కాస్త వేగంగా తిప్పడం మరో ఉపాయం. దీన్ని ఓవర్‌డ్రైవ్ అంటారు. రెండు ఇరుసుల్లోనూ 30 పళ్ల గేరును 8 పళ్ల గేరు తిప్పుతుంటే నిష్పత్తి 3.75. వెనక ఇరుసులో మాత్రం 30 బదులు 33 పళ్ల గేరు వేస్తే అది 4.125 అవుతుంది. ముందు చక్రాలు 10 శాతం వేగంగా తిరుగుతాయి. దాంతో ముందు ఇరుసు బండిని లాగుతూ ఉంటుంది. నిట్ట మెట్టు మీద ముందు భాగం పైకి లేవదు, మలుపులో కారు తక్కువ జాగాలో తిరుగుతుంది. బదులుగా టైర్లు కాస్త త్వరగా అరుగుతాయి.

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది టార్క్ ట్విస్ట్. మోటారు శక్తి పొడవాటి షాఫ్టు ద్వారా ఇరుసుకు వెళుతుంది. షాఫ్టు ఒకవైపు తిరగాలని చూస్తే చాసిస్ దానికి ఎదురు వైపు ఒరుగుతుంది. థ్రాటిల్ నొక్కగానే బండి ఒక పక్కకు లేచినట్టు కనిపించేది అందుకే. తేలికైన బండిలో ఇది మరింత ఎక్కువ. ఎగువ, దిగువ లింకుల కోణాలు సరిచేయడం, షాక్ అబ్జార్బర్లలో చిక్కటి నూనె పోయడం, థ్రాటిల్‌ను సున్నితంగా నొక్కడం దీనికి మందు.

బండి నడిమధ్యలో ఎందుకు ఆగిపోతుంది?

చాలా బండ్లు చతికిలబడేది మెకానికల్ లోపంతో కాదు, కరెంటు చాలక. రాళ్ల మధ్య ఇరుక్కున్న చక్రాన్ని తిప్పడానికి స్టీరింగ్ సర్వో ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. ఆ క్షణంలో వోల్టేజీ పడిపోతే రిసీవర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ రెండు మూడు సెకన్లలో కారు వెనక్కి జారిపోతుంది. సర్వోకు విడిగా తగిన శక్తి ఉన్న వోల్టేజీ రెగ్యులేటర్ పెట్టడమే దీనికి విరుగుడు. కొన్ని గ్రాములు పెరిగినా ఫర్వాలేదు.

మోటారు విషయానికొస్తే, 55 చుట్ల సాదా బ్రష్ మోటారుతో మొదలుపెట్టినా తప్పులేదు. చవక, నెమ్మదైన వేగంలో మంచి పట్టు. సెన్సర్లున్న బ్రష్‌లెస్ మోటార్లు ఇంకా సాఫీగా కదులుతాయి. మోటారు, స్పీడ్ కంట్రోలర్ ఒకే పెట్టెలో ఉండే హాబీవింగ్ ఫ్యూజన్ లాంటివి వైర్లను, బరువునూ తగ్గిస్తాయి.

లిథియం పాలిమర్ బ్యాటరీతో మాత్రం చనువు పనికిరాదు. ఒక్కో సెల్ పూర్తిగా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు, 3 వోల్టుల కన్నా కిందికి దిగితే పాడవుతుంది. బ్యాలెన్స్ ఛార్జర్‌తోనే ఛార్జ్ చేయాలి, పక్కన మనిషి ఉండాలి. వాడని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడకూడదు. విమానంలో వెళ్లేవారు విడి బ్యాటరీలను చేతి సంచిలోనే, టెర్మినళ్లు కప్పి తీసుకెళ్లాలి. మూడు సెల్‌ల 1,300 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ సామర్థ్యం సుమారు 14 వాట్ అవర్లు. 100 వాట్ అవర్ల సాధారణ పరిమితికి ఇది చాలా దిగువనే ఉంటుంది.

కస్టమ్స్ దృష్టిలో ఇది బొమ్మే

భారత్‌లో ఈ అభిరుచికి పెద్ద అడ్డంకి ధర. అంతర్జాతీయ కస్టమ్స్ వర్గీకరణలో 9503 శీర్షిక కిందికి పిల్లల ఆటబొమ్మలతో పాటు, కదిలినా కదలకపోయినా సరే, చిన్న సైజు స్కేల్ మోడళ్లు కూడా వస్తాయి. దేశీయ బొమ్మల పరిశ్రమను కాపాడే ఉద్దేశంతో కేంద్రం 2020 బడ్జెట్‌లో బొమ్మలపై మూల కస్టమ్స్ సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. దానిపై జీఎస్‌టీ అదనం. కొన్ని విడిభాగాలకు వేరే రేట్లున్నాయి కాబట్టి పూర్తి కారు తెప్పించుకోవడం, భాగాలు తెప్పించి కట్టుకోవడం ఒకటే లెక్క కాదు.

2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి. పోటీ స్థాయి క్రాలర్లు పెద్దవాళ్ల కోసం తయారైనవి. కానీ పెట్టె తెరిచి చూసే అధికారికి రిమోట్ కారు, పోటీ క్రాలర్ ఒకేలా కనిపించే అవకాశం ఉంది. ట్రాన్స్‌మిటర్లు పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు 2005 నుంచి వాడేవారికి లైసెన్సు అక్కర్లేదు గానీ, పరికరానికి టైప్ అప్రూవల్ ఉండాలి.

చవకైన దిగుమతి బొమ్మల నుంచి దేశీయ తయారీదారులను కాపాడటానికి పెట్టిన సుంకం, దేశంలో దాదాపు ఎవరూ తయారు చేయని ఇరుసు గేర్లు కొనే ఇంజనీరింగ్ విద్యార్థి జేబుకూ తగులుతోంది. అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. చాసిస్ పలకలు, లింకు కడ్డీలు, ఇత్తడి బరువులు, బ్రాకెట్లు ఇక్కడి లేత్ షెడ్లలో, త్రీడీ ప్రింటర్ల మీద తయారు చేసుకోగలిగినవే. బయటి నుంచి తప్పక తెచ్చుకోవాల్సినవి ఇరుసులు, టైర్లు, ఎలక్ట్రానిక్స్. ఎక్కడానికి రాళ్లకు మాత్రం కొదవ లేదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టల గరుకు ఉపరితలం పొడిగా ఉన్నప్పుడు మెత్తటి రబ్బరుకు మంచి పట్టునిస్తుంది. వాన పడితే అదే రాయి సబ్బుబిళ్ల అవుతుంది.

మొదటి కొనుగోలు: తూకం

కొత్తగా మొదలుపెట్టేవారు విడిభాగాల జాబితా కన్నా ముందు కొనాల్సింది రెండు వంటింటి డిజిటల్ తూకాలు. ముందు చక్రాలు ఒకదాని మీద, వెనక చక్రాలు ఇంకోదాని మీద పెడితే బరువు పంపకం తెలిసిపోతుంది. గరిమనాభి ఎత్తుకు ఒక చెక్క పలక చాలు. పలక మీద కారును పక్కకు తిప్పి పెట్టి, జారకుండా దిగువ చక్రాలకు సన్నటి పట్టీ అడ్డుపెట్టి, పలకను మెల్లగా ఎత్తాలి. పై చక్రాలు లేచే క్షణంలో ఫోన్‌లోని కోణమాపిని యాప్ చూపించే అంకె రాసుకోవాలి. చక్రాల మధ్య దూరంలో సగాన్ని ఆ కోణం టాంజెంట్‌తో భాగిస్తే గరిమనాభి ఎత్తు వస్తుంది. స్ప్రింగులు కుంగడం వల్ల కాస్త తేడా ఉన్నా, మార్పుకు ముందు, తర్వాత పోల్చడానికి ఇది సరిపోతుంది.

తర్వాత ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. బాడీ మార్చి తూచాలి, అదే రాయి ఎక్కించి చూడాలి, రాసుకోవాలి. ఆపై బ్యాటరీ, ఆపై ఇత్తడి. నాలుగూ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో, ఏది డబ్బు దండగో ఎప్పటికీ తెలియదు. పేరున్న కంపెనీ భాగాలతో నిండి, ఒక్కసారి కూడా తూకం ఎక్కని మూడు కిలోల కారు కన్నా, ప్రతి గ్రాము లెక్క కాగితం మీద ఉన్న రెండుంబావు కిలోల కారుకే చివరి గేటు దాటే అవకాశం ఎక్కువ.